పదమూడో నెల ఎరగని పెట్టె

పోయినవారం మనం బెలెతూని మెట్ల పక్క గదిలో వదిలేసి వచ్చాం. ఆకుపచ్చ గుడ్డపేలిక కట్టిన తాళంచెవిని గది సొంతదారు, ముసలాయన వుబ్షెత్ గారి దగ్గర కాసేపటికని అడిగి తెచ్చుకుని, ఆ ఖాళీ గదిలో ఈ మూల ఒక పెనం, ఆ మూల ఇంకో పెనం, పిండి బానలు కిటికీ కింద అంటూ చేతులు చాపి కొలుచుకుంటోంది పాపం. నాలుగో అంతస్తులో తన వంటింట్లో ఇంజెర రొట్టెలు వేసి అమ్ముకునే మనిషి ఆమె. ఆమె కరెంటు పెనాలు వేడెక్కితే చాలు, మెట్ల మీద దీపాలన్నీ ఆరిపోతున్నాయని అపార్ట్‌మెంట్ కమిటీ గోల. ఈ నెలాఖరు తర్వాత పైన పెనం పెట్టడానికి వీల్లేదని తెగేసి చెప్పేసింది. గది దొరికితే వ్యాపారం ఉంటుంది, దొరక్కపోతే ఉండదు. అడ్వాన్సుకి డబ్బుంది గాని, బ్యాంకు ఖాతా మొగుడూ పెళ్లాం ఇద్దరి పేరా ఉంది. జిబూతీ రేవుకి లారీ తోలే మొగుడు దెమిసే సంతకం పెట్టాలి. ఆయన ఒకటే పట్టు పట్టాడు. "నీ ఇంజెర లాభం తెస్తోందని పెట్టె చెప్పనీ, సంతకం పెడతా. నువ్వు చెబితే కాదు."

పెట్టె అంటే మరేమీ కాదు, లాప్‌టాప్. ఇంట్లో డబ్బు ఎటు పోతోందన్న తగువు తీరక, ఇంటి లెక్కలు రాసుకునే ప్రోగ్రాం వేయించి దెమిసే దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కొచ్చాడు. తన ఖర్చులు తను రాస్తాడు, ఆమె రాబడి ఆమె రాస్తుంది, తీర్పు పెట్టె చెబుతుంది. ఆ పెట్టె తీర్పు చెప్పింది కూడా. ఈ ఏడాది బెలెతూ సంపాదన సున్నా.

శనివారం పొద్దున రెండో అంతస్తు నుంచి సినిదు వచ్చేసరికి బెలెతూ కాఫీ వేడుకకని నేల మీద పచ్చగడ్డి పరిచి, గింజలు వేయిస్తూ కూర్చుని ఉంది. సినిదు ముప్ఫై దాటిన పిల్ల, ఏదో కంపెనీలో లెక్కలు చూసేది. నోట్లో మాట, చేతిలో పని రెండూ చురుకే. ఆమె చేతిసంచీ కింద పెట్టగానే లోపల ఏదో గల్లుమంది.

"ఏమిటే, సంచీలో గంట కట్టుకు తిరుగుతున్నావ్?" అంది బెలెతూ.

"మూడో కప్పు దాకా ఆగండక్కా. ఒక శుభవార్త ఉంది. ఆ చివరి కప్పు, బరకా, తాగాక చెబుతా."

"పెళ్ళా?"

"అంతకంటే మంచిదే." సినిదు నవ్వి, వేగుతున్న గింజల పొగ ముఖానికి తోలుకుంది. "ముందు మీ పని చూద్దాం. ఇంతకీ అన్నయ్య దేనికి సంతకం పెట్టాలి?"

"ఏదోలే. ఒక కాగితం," అని బెలెతూ తప్పించుకుంది. పని కాకముందే మాట పెదవి దాటితే కన్ను పడుతుందని ఆమె తల్లి చెప్పేది. ఆ ఊళ్ళో ఆ మాట చెప్పని తల్లి ఎవరు గనక! సినిదు తల్లీ చెప్పే ఉంటుంది. ఆ పిల్లా తన శుభవార్తని కాఫీ పూర్తయ్యేదాకా మూట కట్టి ఉంచింది. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరి గుండెల్లోనూ ఒక్కో రహస్యం, మధ్యలో పెట్టె.

సినిదు పెట్టె తెరిచి చూసింది. ఈ ఏడాది పేజీలో, అంటే గడిచిన పన్నెండు నెలల లెక్కలో, ఇంజెరకి కొన్న తెఫ్ ధాన్యం బస్తాల ఖర్చు ఉంది, కొత్త పెనం ఖర్చు ఉంది, డీజిలు, టైర్లు, దారిలో తిన్న భోజనాలు, అన్నీ ఎర్రటి అంకెల్లో ఉన్నాయి. రాబడి వరసలో దెమిసే జీతం ఒక్కటే ఉంది.

"మీరసలు రాశారా అక్కా?"

"రాయకపోవడమేమిటే! రోజూ పిండి చేతులు కడుక్కుని మరీ రాస్తున్నా. రాయగానే కనిపిస్తుంది, మర్నాటికి మాయమైపోతుంది. పెట్టె తింటోందేమోనని ఒకరోజు బోర్లించి కూడా చూశా."

సినిదు నవ్వాపుకుని ఏవేవో నొక్కింది. పెట్టె ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమంటోంది?"

"ఎనిమిదేళ్ళ కిందటి పాత లెక్కలున్నాయి, అటక మీద పడేయమంటావా అంటోంది."

బెలెతూ గింజలు కలపడం ఆపేసింది. "ఎనిమిదేళ్ళ కిందట నాకు పెనమే లేదు. ఈ ఇల్లే లేదు. ఎవరి లెక్కలే అవి?"

"మీవే. హోటలుకి వేసిన ఇంజెర, పెళ్ళివాళ్ళకి వేసిన ఇంజెర, అన్నీ ఉన్నాయి."

నిన్న మొన్న అమ్మిన రొట్టె ఎనిమిదేళ్ళ కిందటికి ఎలా పోతుంది? దొంగలు పడితే డబ్బు పోతుంది గాని కాలం పోవడం బెలెతూ ఎక్కడా వినలేదు. పోనీ తనే ఏదో మరిచిపోయిందా? కొంపదీసి మతి తప్పుతోందా? దెమిసే ఆ మాట ఇప్పటికే రెండుసార్లు అన్నాడు.

సినిదు కాసేపు తారీకుల వరస వైపే చూసింది. చూసి చూసి నుదురు కొట్టుకుంది. "అయ్యో, నా మట్టిబుర్ర! అక్కా, ఈ తారీకులన్నీ మన తారీకులు."

"మనవి కాక పక్కింటివాళ్ళవి రాస్తానా?"

"అది కాదక్కా. మన దేశపు లెక్కలో ఇది 2017. పెట్టె పరదేశీది. దానికిది 2025. మీరు 2017 అని రాశారు. దాని దృష్టిలో అది ఎప్పుడో అయిపోయిన కాలం. అందుకే ఈ ఏడాది పేజీలో చూపించట్లేదు."

"అయితే ఎనిమిది కలిపితే సరిపోతుందిగా?"

"సరిపోదు. మెస్కెరెం మనకి మొదటి నెల కదా, మీరు ఒకటి అని రాశారు. దానికి ఒకటో నెల అంటే జనవరి. మన కొత్త సంవత్సరం వాళ్ళ సెప్టెంబరులో వస్తుంది. అంటే నెలలూ తప్పే, రోజులూ తప్పే."

బెలెతూకి అర్థమైనట్టే ఉంది, అంతలోనే జారిపోతోంది. గింజలు మాడు వాసన కొట్టాక గాని చెయ్యి కదల్లేదు. "మరి దెమిసేవి మాత్రం ఎలా కనిపిస్తున్నాయే? ఆయనేమన్నా పరదేశీయా?"

"అన్నయ్య రేవు కాగితాలు చూసి రాస్తాడు. వాటి మీద వాళ్ళ తారీకులే ఉంటాయి."

అదీ సంగతి. ఒకే మంచం, ఒకే కంచం అనుకున్న మొగుడూ పెళ్ళాం, ఆ పెట్టెలో మాత్రం ఎనిమిదేళ్ళ ఎడంగా కాపురం చేస్తున్నారు. ఆయన తెఫ్ కొన్న ఏడాది వేరు, ఆమె ఆ తెఫ్‌తో రొట్టె వేసి అమ్మిన ఏడాది వేరు. ఇక లాభం ఎక్కడ కనిపిస్తుంది?

మొదటి కప్పు, అబోల్, చిక్కగా పడింది. బెలెతూ ఇంకా ఒప్పుకోలేదు. "అలాగైతే ఇది నన్ను ముందే హెచ్చరించాలి కదా! ఎన్నిసార్లు వాదించిందో నాతో. తిక్మ్త్ ముప్ఫైన రాస్తే అలాంటి రోజు లేదంది."

"తిక్మ్త్ రెండో నెల. దానికి రెండో నెల ఫిబ్రవరి. ఫిబ్రవరికి ముప్ఫై ఉండదు."

"ఉండకపోతే దాని ఖర్మ. నేనేం చేశానో తెలుసా? ఇరవై ఎనిమిదని రాశా. నాచేత అబద్ధం రాయించింది ముండాకొడుకు పెట్టె. ఇక పాగుమే సంగతి అడక్కు."

"పాగుమేలో ఏమైంది?"

"పదమూడో నెలే లేదంది! ఎర్రగా మెరిసి మొత్తుకుంది. నెల లేకపోవడమేమిటే? పండగ ముందు ఆ నెలకున్న అయిదు రోజులూ నేను నడుం వాల్చలేదు. ఊళ్ళో సగం ఇళ్ళకి కొత్త సంవత్సరం ఇంజెర నా పెనం మీదే కాలింది. లేని నెలలో నా నడుం ఎలా విరిగింది?"

సినిదు ఈసారి నవ్వలేదు. "మరి ఆ రాబడి ఏ తారీకున రాశారు?"

"రాయలేదు. లేని నెలకి లెక్కెందుకని ఊరుకున్నా."

"అక్కా! ఏడాది మొత్తానికి పెద్ద రాబడి అదేనేమో!"

"నాకు తెలీదా? బుర్రలో ఉంది, చెబుతా, రాసుకో," అని బెలెతూ మొదలెట్టింది. చర్చి పక్క హోటలు, మూలమలుపు ఇంటి ముసలమ్మ, ఇద్దరు కొడుకులకీ ఒకేసారి పెళ్ళి చేసిన దర్జీ ఇల్లు. ఎవరు ఎంత తీసుకున్నారో, ఎవరు గీచి గీచి బేరమాడారో అన్నీ చెప్పింది. మతి తప్పిన మనిషి చెప్పే పద్ధతిలా లేదది. చెబుతూ ఉంటే ఆమెకే కొంచెం ధైర్యం వచ్చింది.

సినిదు పెట్టెలోంచి లెక్కలన్నీ బయటికి లాగింది. తారీకులు మార్చి మళ్ళీ లోపలికి పంపాలట. లాగిందో లేదో, తెర తెల్లబడిపోయింది. ఒక్క వరస లేదు, ఒక్క అంకె లేదు.

"ఏం చేశావే!"

"ఆగండక్కా, ఆగండి. వస్తాయి." అంది గాని సినిదు గొంతులోనూ దమ్ము లేదు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని దెమిసే దిగాడు. భుజాన దుమ్ము కొట్టుకున్న సంచీ, చంకలో జిబూతీ సబ్బుల డబ్బా. మనిషి పొడుగు, మాట పొట్టి. వంగి తెర వంక చూశాడు.

"పోయినసారి సున్నా అన్నా ఉంది. ఇప్పుడు అదీ పోయిందా?"

"వచ్చీ రాకముందే ఎత్తిపొడుపులా?" బెలెతూ ఒక్కసారి లేచింది. "కూర్చో. కాళ్ళు చాపుకుని కూర్చో. ఇవాళ నీ పెట్టె నీకు బుద్ధి చెబుతుంది."

"నీకంటే మెల్లగా చెబుతుందా?"

"అన్నయ్యా, రెండు నిమిషాలు," అంది సినిదు, తల ఎత్తకుండా.

రెండు నిమిషాలు కాలేదు, రెండో కప్పు తోనా కాగేంతసేపైంది. దెమిసే పేలాలు నములుతూ కిటికీలోంచి కిందకి చూస్తున్నాడు. వచ్చినప్పటి నుంచీ ఆయన ముఖంలో ఏదో తేడా ఉంది. అలసటేమో అనుకుంది బెలెతూ. జిబూతీ ఉప్పుదారి ఎండలో లారీ తోలి వచ్చిన మనిషి ముఖంలో చంద్రుడు ఎక్కడ ఉంటాడు!

"వచ్చాయి!" అని సినిదు అరిచింది.

వరసలు ఒకదాని వెనక ఒకటి దిగాయి. తెఫ్ కొన్న వారం కిందే అది రొట్టెగా అమ్ముడుపోయిన వారం వచ్చి నిలబడింది. ఎర్ర అంకెల పక్కన పచ్చ అంకెలు. పాగుమే రాబడి పోయిన సెప్టెంబరు మొదట్లో కొండలా లేచింది. కింద చివరి గడిలో మిగులు కనిపించింది. బెలెతూ తనే నమ్మలేక వేలితో ముట్టుకుని చూసింది. అంత మిగిలిందని ఆమెకి కూడా తెలీదు.

"చూశావా? చూశావా దెమిసే? ఏమన్నావు? నా పెనం తెఫ్ తింటోంది గాని ఒక్క బిర్రు నోటు రాల్చడం లేదన్నావు. నా చేతికి బరకత్తు లేదన్నావు. ఇప్పుడను!"

దెమిసే కళ్ళజోడు పెట్టుకుని ముందుకి వంగాడు. లారీ బ్రేకులు పరీక్షించినట్టు ఒక్కో వరసా చూశాడు. "ఈ సెప్టెంబరు కొండ ఏమిటి?"

"పాగుమే. పండగ రొట్టెలు. ఆ పండక్కి నువ్వు తిన్న కోడిపులుసు దాంతోనే వచ్చింది. మరిచిపోయావా?"

"మరిచిపోలేదు." ఆయన కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

బెలెతూ ఎదురుచూసింది. మెచ్చుకోలేకపోతే పోనీ, ఒక దెప్పైనా వస్తుందనుకుంది. ఆయన సంతోషించడం లేదు. సంతోషించకపోగా, తప్పు చేసి దొరికిన వాడిలా టోపీ అంచు నలుపుతున్నాడు. ఆమెకి మళ్ళీ అయోమయం మొదలైంది. అంకెలు సరిపోయాయి కదా, మనిషెందుకు సరిపోవడం లేదు?

"సంతకం పెడతావా పెట్టవా?"

"పెడతాను. కాని పెట్టి లాభం లేదు." ఆయన టోపీ పక్కన పెట్టాడు. "పోయినవారం బయల్దేరేముందు పెట్టె తెరిచి చూశాను. నీ వైపు సున్నా. తెఫ్ ఖర్చు నా వైపు. ముసలాయన నా మాట మీద ఆ గది నెల్నాళ్ళుగా ఖాళీగా పెట్టి కూర్చున్నాడు. ఆయన పొట్ట కొట్టడమెందుకని దారిలోంచి ఫోన్ చేశా. వుబ్షెత్ గారూ, మెట్ల పక్క గది మాకొద్దు, ఎవరికైనా ఇచ్చుకోండి అని చెప్పేశాను."

సినిదు చేతిలో కప్పు సాసర్‌కి తగిలి చప్పుడైంది. ఆ చప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

"నన్నడగకుండా?" బెలెతూ గొంతు పైకి లేవలేదు, అదే భయం పుట్టించింది.

"నిన్నడిగితే లాభమే అంటావు. అందుకని పెట్టెనడిగా. ఇంటికొచ్చాక నెమ్మదిగా చెబుదామనుకున్నా."

"పెట్టెకి పదమూడో నెల తెలీదు దెమిసే. నాకు తెలుసు. నీకూ తెలుసు. నువ్వు పుట్టిందే పాగుమేలో! నువ్వు పుట్టిన నెలే లోకంలో లేదన్న పెట్టె మాట నమ్మి, నీ కళ్ళ ముందు ఆ నెలంతా నిద్ర లేకుండా రొట్టె వేసిన దాని మాట నమ్మలేదు నువ్వు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభమేమిటని దెమిసేకీ తెలుసు, అయినా జేబులోంచి ఫోన్ తీశాడు. "ముసలాయన ఇంకా ఎవరికీ ఇచ్చి ఉండడు. ఇంత తొందరగా ఎవరొస్తారు? ఇప్పుడే అడుగుతా. కాళ్ళు పట్టుకునైనా అడుగుతా."

బెలెతూకి ఆ మాటతో ఎక్కడో చిన్న ఆశ మెరిసింది. కోపం మిగిలే ఉంది, అది రాత్రికి చూసుకోవచ్చు. ముందు గది. "అడుగు. స్పీకరు పెట్టు. నేనూ మాట్లాడతా."

"ఫోన్ చెయ్యొద్దు అన్నయ్యా."

సినిదు లేచి నిలబడింది. పొద్దున వచ్చినప్పటి రంగు ఆ ముఖంలో లేదు. దెమిసే వేలు ఫోన్ మీద ఆగిపోయింది.

"ఎందుకే?" అంది బెలెతూ. ఆమెకేమీ అర్థం కాలేదు. "నీకేమైంది? కూర్చో. ఇంకా బరకా కాగనేలేదు. శుభవార్త చెబుతానన్నావు కదా, అదైనా చెప్పు, ఈ ఇంట్లో ఇవాళ ఒక్క మంచి మాటైనా వింటాను."

సినిదు సంచీలో చెయ్యి పెట్టింది. మళ్ళీ ఆ గల్లుమనే చప్పుడు. తీసిన చేతిని వెంటనే తెరవలేకపోయింది. తెరిచి, కాఫీ కప్పుల పళ్ళెంలో, చక్కెర గిన్నె పక్కన పెట్టింది.

ఆకుపచ్చ గుడ్డపేలిక కట్టిన తాళంచెవి.

"నాకు తెలీదక్కా." అంది ఆ పిల్ల. "ఉద్యోగం మానేశాను. టైపింగు, ప్రింటింగు కొట్టు పెట్టుకుందామని. నిన్న దళారీ చెప్పాడు, మెట్ల పక్క గది ఎవరికీ మాట లేదని. పొద్దున అడ్వాన్సు కట్టేసి తిన్నగా ఇటే వచ్చాను. మొట్టమొదట మీకే చెప్పాలని. మీరు గది కోసం చూస్తున్నట్టు నాతో ఒక్క మాటన్నా అనలేదు..."

"నువ్వూ అనలేదు," అంది బెలెతూ.

ఇద్దరికీ తల్లులు నేర్పిన పాఠం ఒకటే. కన్ను పడకుండా ఇద్దరూ నోరు కట్టుకున్నారు, అది కాస్తా ఇద్దరి నెత్తినా పడింది. బెలెతూ ఆ గుడ్డపేలిక వంక చూసింది. దాని కొసన తెల్లటి మరక ఉంది. పోయినవారం గది కొలిచి, తాళంచెవి తిరిగిచ్చేసినప్పుడు తన వేళ్ళ నుంచి అంటిన పిండి అది. ఇంకా పోలేదు.

"నేను వెళ్తానక్కా," అని సినిదు తలుపు వైపు కదిలింది. తాళంచెవి తీసుకోవాలో వదిలేయాలో తెలియక దాని దగ్గర ఆగింది. ఆమె సంపాదనంతా ఆ గుడ్డపేలికకే కట్టి ఉంది. తీసుకుంటే బెలెతూ బతుకు పట్టుకుపోయినట్టు, వదిలేస్తే తన బతుకు వదిలేసినట్టు. తీసుకోవడానికే కావచ్చు, చెయ్యి చాపింది.

ఆ చెయ్యి పళ్ళేన్ని తాకేలోపే బెలెతూ అరచెయ్యి తాళంచెవి మీద పడింది.

దెమిసే "బెలెతూ!" అన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. ఒక చేత్తో తాళంచెవిని అలాగే అదిమి, రెండో చేత్తో కూజా వంచి, మూడు కప్పుల్లోనూ బరకా పోసింది. సినిదు కప్పు నిండి పొర్లిపోతున్నా ఆపలేదు.

"కూర్చో," అంది. "బరకా తాగకుండా మా ఇంట్లోంచి ఇంతవరకూ ఎవరూ వెళ్ళలేదు."

సినిదు కూర్చుంది. కప్పు ఎత్తింది. బెలెతూ అరచెయ్యి మాత్రం అక్కడి నుంచి లేవలేదు.